బుల్లెట్టు ఇంజను పెద్దదైన కథ

భద్రాచలము వద్ద గోదావరిపై వంతెన 1965లో ప్రారంభమైనది. అంతకు ముందు కొత్తగూడెము వైపు నుండి వచ్చిన వాహనము ఏదైనను అక్కడ నది ఒడ్డున ఆగవలసినదే. ఆవలి ఒడ్డుకు పడవే దిక్కు. 1956 నవంబరు 1 వరకు ఆ నదియే రెండు రాష్ట్రములకు ఎల్లగా ఉండెడిది. ఈవలి ఒడ్డున ఖమ్మము జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది; ఆవలి ఒడ్డున భద్రాచలము ఆంధ్ర రాష్ట్రములో తూర్పు గోదావరి జిల్లాలోనిది. భద్రాచలము తాలూకా ఖమ్మము జిల్లాలో చేరినది 1959లో. వంతెన వచ్చిన పిదప పాల్వంచ విద్యుత్కేంద్రము, సారపాక కాగితపు మిల్లు, మణుగూరు బొగ్గుగనులు ఒకదాని వెంట ఒకటి పెరిగి, అడవి అంచున రోడ్లమీద రాకపోకలు హెచ్చినవి.

భద్రాచలము దాటి నెల్లిపాక మీదుగా చింతూరు చేరి, అక్కడ నుండి మారేడుమిల్లి ఘాటు ఎక్కు దారి మోటారు సైకిలుకు మంచి పరీక్ష. మలుపు మలుపునకు ఎత్తు మారును. వానకాలమున రాళ్ళు, బురద. ఎండకాలమున నలుబదియైదు డిగ్రీలు దాటు వేడిమి. బండిమీద ఇద్దరు మనుష్యులు, వెనుక ఒక మూట ఉన్నచో ఏటవాలు మొదలైన చోట ఇంజను మూలుగును. అప్పుడు నడుపువాని నోట వచ్చు మాట ఒకటే: "బండికి దమ్ము చాలదు." ఆ వెంటనే వచ్చు ఆలోచన కూడ ఒకటే: ఇంజనును కొంచెము పెద్దది చేయించిన బాగుండును గదా!

ఈ ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డు కార్ఖానాలోని ఇంజనీర్లకు కూడ అదే ఆలోచన వచ్చినది. వారు ఒకసారి కాదు, అనేక పర్యాయములు ఇంజను పరిమాణమును పెంచిరి. ప్రతి పర్యాయము ఏదో ఒక కొత్త చిక్కు బయటపడినది. మన రోడ్లమీద అందరెరిగిన బుల్లెట్టు ఆ కార్ఖానా సంతతియే కనుక, దాని చరిత్ర చూచినచో "కొంచెము పెద్దది" అన్న మాటకు అసలు వెల ఎంతో తెలియును.

మొదట లెక్క. ఇంజను పరిమాణమనగా సిలిండరులో పిస్టను పైనుండి క్రిందికి దిగినపుడు అది ఊడ్చు ఘనపరిమాణము. సిలిండరు వ్యాసమును సెంటీమీటర్లలో వర్గము చేసి, 0.7854తో గుణించి, పిస్టను ప్రయాణించు దూరముతో మరల గుణించిన ఘన సెంటీమీటర్లు వచ్చును. ఈ ఘన సెంటీమీటర్లనే వ్యవహారములో సి.సి. అందురు. 350 బుల్లెట్టు సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను దిగు దూరము 90 మిల్లీమీటర్లు. లెక్క వేసిన 346 సి.సి. వచ్చును. దూరమును అట్లే ఉంచి వ్యాసమును మాత్రము 84 చేసినచో 499 సి.సి. వచ్చును. వ్యాసము పెరిగినది ఐదింట ఒక వంతు; పరిమాణము పెరిగినది నూటికి నలుబదినాలుగు వంతులు. వర్గము చేయుటలోని మహిమ ఇది. కాగితముమీద ఇంత చవుకగా దొరకు లాభము మరొకటి లేదు.

రాయల్ ఎన్‌ఫీల్డు మొదటి మోటారు సైకిలు 1901లో వచ్చినది. బుల్లెట్టు అన్న పేరు 1932లో పెట్టబడినది. నేడు మనకు తెలిసిన రూపము, అనగా వెనుక చక్రమునకు ఊగు చట్రము, స్ప్రింగులు గల 350 బుల్లెట్టు, 1949లో అమ్మకానికి వచ్చినది. నాలుగేండ్లు తిరుగకమునుపే, 1953లో, దానికి 499 సి.సి. అన్న వచ్చినాడు. పిస్టను దిగు దూరము రెంటికిని 90 మిల్లీమీటర్లే. కనుక క్రాంకు ఒకటే గదా, సిలిండరు, పిస్టను మార్చిన చాలును గదా అని తోచును. అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది.

పిస్టను ప్రతి పర్యాయము పైకి వెళ్ళి ఆగి, వెనుకకు మరలవలెను. క్రాంకు నిమిషమునకు 5,000 చుట్లు తిరుగుచున్నపుడు, 90 మిల్లీమీటర్ల ప్రయాణము గల పిస్టను కొసలయందు పొందు త్వరణము భూమ్యాకర్షణ త్వరణమునకు సుమారు 1,250 రెట్లు. కనెక్టింగు రాడ్డు ఏటవాలు ప్రభావము కూడ కలిపినచో పై కొసన ఇంకను ఎక్కువ. అనగా పిస్టనులో పెరిగిన ఒక్కొక్క గ్రాము, ఆ క్షణమున, ఒక కిలోకు మించిన బరువు వలె రాడ్డును లాగును. పెద్ద పిస్టను చిన్న పిస్టను కంటె నూరు గ్రాములు బరువైనచో, రాడ్డుమీద పెరిగిన లాగుడు నూట ఇరువదియైదు కిలోల పైమాటే. అదియును నిమిషమునకు వేల పర్యాయములు! పైగా పేలుడు ఒత్తిడి వేరు. చదరపు సెంటీమీటరుకు 35 కిలోల ఒత్తిడి అనుకొన్నచో, 70 మిల్లీమీటర్ల పిస్టను తలమీద సుమారు 1,350 కిలోలు పడును. 84 మిల్లీమీటర్ల పిస్టను మీద 1,940 కిలోలు.

ఈ బరువంతయు మోయునది రాడ్డు క్రింది కొసన ఉన్న బేరింగు. చాల కాలము బుల్లెట్టులో ఇక్కడ ఉక్కు దిండ్ల బేరింగు లేదు. రాడ్డుకు, క్రాంకు పిన్నుకు నడుమ నూనె పొరమీద తేలుచు తిరుగు బుష్షు ఉండెడిది. నూనె చక్కగా అందుచున్నంత కాలము అది ఎన్ని వేల మైళ్ళైనను నడచును. నూనె పొర ఒక్కసారి తెగినచో లోహము లోహమును కొరుకును. కనుక పిస్టను పెద్దదైనపుడు నూనె పంపు, నూనె దారులు, బుష్షు వెడల్పు, వీటన్నిటి లెక్క మరల చూడవలెను. క్రాంకు పళ్ళెములలోని ఎదురు బరువును కూడ కొత్త పిస్టనుకు తగినట్లు మార్చవలెను. లేనిచో బండి అదరును. ఈ అదురు నడుపువాని చేతులకు తిమ్మిరి ఎక్కించుటతో పోదు. నట్లు వదులగును, దీపపు బల్బుల తీగలు తెగును, మడ్గార్డుల ఇనుము చీలును.

రెడ్డిచ్ కార్ఖానా ఈ పాఠమును మరింత ఖరీదుగా నేర్చుకొన్నది. 1952 చివర అది మీటియర్ అను జంట సిలిండరుల బండిని ప్రకటించినది. దాని పరిమాణము 692 సి.సి. విద్యార్థి 346ను రెండుతో గుణించి చూడవచ్చును: సరిగా 692. అనగా ఒక్కొక్క సిలిండరు కొలత 70, 90. రెండు 350 బుల్లెట్టులను ప్రక్క ప్రక్కన నిలిపినట్లే. కొలతలు పాతవి కనుక అనుభవము చేతిలో ఉన్నది. ఆ బండి మెత్తగా, నమ్మకముగా నడచినది. 1958లో అదే పరిమాణము నుండి ఎక్కువ శక్తి పిండి కాన్‌స్టెలేషన్ అను వేగపు బండిని చేసినారు. ఇక నూనె కారుట మొదలైనది. వేగము హెచ్చినపుడు క్రాంకుకేసులో గాలి ఒత్తిడి పెరిగి, నూనె ప్రతి అతుకునుండి చెమ్మగిల్లెడిది. పేరులోని నక్షత్రముల సంగతి మరచి, ఇంగ్లండు కుర్రకారు ఆ బండిని నూనె గనియని ఎగతాళి చేసిరి. 1962లో సిలిండరును 71కి, దూరమును 93కు పెంచి 736 సి.సి. ఇంటర్‌సెప్టర్‌ను తెచ్చిరి. ఒక మిల్లీమీటరు ఇటు, మూడు మిల్లీమీటర్లు అటు: చూచుటకు అల్పము. కాని ఈసారి పాత అనుభవముతో లోపలి భాగములను బలపరచి తెచ్చిరి కనుక బండి నిలిచినది. అయితే కార్ఖానా నిలువలేదు. రెడ్డిచ్ కార్ఖానా 1967లో మూతపడినది. తరువాత బ్రాడ్‌ఫర్డ్-ఆన్-ఏవన్ వద్ద పాత రాతిగని సొరంగములో సాగిన పని 1970లో ముగిసినది.

అప్పటికి బుల్లెట్టు మదరాసులో వేరు తన్నుకొన్నది. భారత ప్రభుత్వము సైన్యమునకును, పోలీసులకును తగిన బండికై వెదకి 350 బుల్లెట్టును ఎన్నుకొని, 1954లో 800 బండ్లకు ఆర్డరు ఇచ్చినది. 1955లో మదరాసు మోటార్సు, రెడ్డిచ్ సంస్థ కలిసి ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించినవి. మొదట ఇంగ్లండు నుండి వచ్చిన భాగములను తిరువొత్తియూరులో బిగించెడివారు. పిదప యంత్ర పరికరములు కూడ ఇక్కడికి వచ్చి, బండి అంతయు స్వదేశములోనే తయారైనది. సరిహద్దు గస్తీకి ఎన్నుకొన్నది 500ను గాక 350ని అన్నది గమనింపదగిన విషయము. కొండదారుల పనికి అది చాలునని తేల్చిరి.

స్వదేశపు 500 బుల్లెట్టు 1990 ప్రాంతమున గాని రాలేదు. అనగా 350 ఇక్కడ తయారు కాసాగిన పిదప మూడు దశాబ్దములకు పైగా పట్టినది. వచ్చిన పిదప ఫలితము చూచినచో కొంత ఆశ్చర్యము కలుగును. 350 ఇంజను శక్తి సుమారు 18 అశ్వశక్తులు. 500 ఇంజను శక్తి సుమారు 22. పరిమాణము నూటికి నలుబదినాలుగు పెరిగి, శక్తి ఇరువదిరెండు మాత్రమే పెరిగినది. తక్కిన సగము ఎక్కడికి పోయినది? గాలి, పెట్రోలు లోపలికి వచ్చు దారి, పొగ వెళ్ళు దారి, దహనము జరుగు గది ఆకారము, ఇవన్నియు శక్తిని నిర్ణయించును. అదే 84, 90 కొలతలతో 2009లో వచ్చిన కొత్త ఇంజనులో పెట్రోలును కార్బురేటరు బదులు విద్యుత్ సాధనముతో చిమ్మించినందున, మరికొన్ని మార్పుల వలనను, అశ్వశక్తులు 27కు చేరినవి. ఒక్క ఘన సెంటీమీటరు కూడ పెరుగలేదు.

దీనికి మరింత చక్కని ఉదాహరణ 1983లో దేశమునకు వచ్చిన రాజ్‌దూత్ 350. జపాను యమహా నమూనాతో ఎస్కార్ట్సు సంస్థ చేసిన ఈ జంట సిలిండరుల, రెండు ఘట్టముల ఇంజను పరిమాణము 347 సి.సి. బుల్లెట్టు కంటె ఒక్క సి.సి. ఎక్కువ. దాని శక్తి మాత్రము 30 అశ్వశక్తులు! అయినను అది పెట్రోలు త్రాగు తీరు చూచి కొనువారు వెనుకంజ వేసిరి. ఆ దశాబ్దము చివరకే దాని తయారీ ఆగినది. ఆ రోజులలో ఊళ్ళలో ఎక్కువగా తిరిగినది దాని తమ్ముడు, 173 సి.సి. రాజ్‌దూత్. కాబట్టి సి.సి. అంకె చూచి బండి సత్తువను అంచనా వేయుట, సంచి కొలత చూచి లోపలి ధాన్యము తూకము చెప్పుట వంటిది.

ఇక ఊరి మెకానిక్కు చేయు పని. "ఇంజను బోరుకు వచ్చినది" అన్న మాట వినని మోటారు సైకిలు యజమాని ఉండడు. పిస్టను రాపిడికి సిలిండరు గోడ అరిగి గుండ్రదనము పోయినపుడు, దానిని లేతుమీద మరికొంచెము వెడల్పు చేసి, పెద్ద పిస్టను వేయుదురు. ఇది పావు మిల్లీమీటరు చొప్పున మెట్టు మెట్టుగా జరుగును. ఇది కూడ పరిమాణమును పెంచుటయే. చేయించుకొన్నవారు ఆ సంగతి తలపరు. 70 మిల్లీమీటర్ల సిలిండరు నాలుగు మెట్లు దాటి 71 అయినచో 346 సి.సి. కాస్తా 356 అగును. పది సి.సి. పెరిగినందువలన బండి ఎగురదు. కుంటుట మాని మామూలుగా నడచును, అంతే. ఈ హద్దు వరకు కార్ఖానావారే పిస్టనులు తయారుచేసి ఇత్తురు కనుక భయము లేదు.

భయమంతయు ఆ హద్దు దాటినపుడే. 350 బుల్లెట్టుకు 500 సిలిండరు బిగింపవలెనన్న కోరికనే తీసికొందము. క్రాంకుకేసు నోరు చిన్నది, దానిని మలచవలెను. మలచినచో గోడ పలుచబడును. పాత సిలిండరు తలను అట్లే ఉంచినచో మరొక ప్రమాదము. పాత ఇంజనులో నొక్కుడు నిష్పత్తి 6.5 అనుకొందము. అప్పుడు పిస్టను పైన మిగులు గది 63 ఘన సెంటీమీటర్లు. అదే గదిలోనికి 499 ఘన సెంటీమీటర్ల మిశ్రమమును నొక్కినచో నిష్పత్తి 8.9 అగును. గాలితో చల్లబడు పాత రకపు ఇంజనులో, వేసవిలో, బరువుతో ఎత్తు ఎక్కునపుడు, ఇంత నొక్కుడుకు మిశ్రమము మంట చేరకముందే తనంత తాను పేలును. "టక టక" మను శబ్దము వినిపించును. దానిని పట్టించుకొనకున్నచో పిస్టను తలకు రంధ్రము పడుట ఎంతో దూరము లేదు. కాబట్టి తల మార్చవలెను. తల మార్చిన కార్బురేటరు మార్చవలెను: 350కి 24 మిల్లీమీటర్ల గొట్టము, 500కు 28. తరువాత క్రాంకు. తరువాత క్లచ్చి, గేర్లు, గొలుసు. ఇవి అన్నియు పాత బలమునకు కొలిచి చేసినవి. చివరకు బ్రేకులు. ఘాటు ఎక్కిన బండి దిగవలెను గదా.

వేడిమి సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. పెట్రోలు దహనములో పుట్టిన వేడిలో నాలుగవ వంతు మాత్రమే చక్రమును త్రిప్పు పనికి వచ్చును. తక్కినది పొగ గొట్టము ద్వారా, సిలిండరు రెక్కల ద్వారా బయటికి పోవలెను. పుట్టు వేడి కాల్చిన మిశ్రమముతో పెరుగును. పోవు వేడి రెక్కల వైశాల్యముపై ఆధారపడును. సిలిండరును లోపల తొలిచినంత మాత్రమున వెలుపల రెక్కలు పెరుగవు. పైగా ఘాటు ఎక్కు బండి నెమ్మదిగా పోవును. ఎదురు గాలి తక్కువ. అనగా వేడి ఎక్కువ పుట్టు చోటనే చల్లదనము తక్కువ. మారేడుమిల్లి దారిలో మే నెల మధ్యాహ్నమున బిగుసుకొన్న పిస్టనుకు మందు చెట్టు నీడయే. దగ్గరి లేతు చేరుటకు బండిని లారీలో ఎక్కింపవలెను. ఆ లారీ దొరకు వరకు రోగికి మందు తీసికొని పోవు ఆరోగ్య కార్యకర్తయైనను, పరీక్ష పత్రములు మోయు ఉపాధ్యాయుడైనను రోడ్డు ప్రక్కన కూర్చుండవలసినదే. పట్నములో ఇదే బండి ఆగిపోయినచో పోవునది ఒక పూట. అడవిలో సెల్‌ఫోను పలుకని చోటులు ఇప్పటికిని ఉన్నవి.

ఖర్చు ఇనుముతో ముగియదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పుస్తకములో కార్ఖానావారు వ్రాసిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. ఈ విషయమును సుప్రీంకోర్టు 2019 జనవరిలో మరల స్పష్టపరచినది. అదే సంవత్సరపు సవరణతో, అనుమతి లేని ప్రతి మార్పునకు యజమానికి 5,000 రూపాయల జుల్మానా, లేక ఆరు నెలల వరకు జైలు, లేక రెండును విధింపవచ్చును. ప్రమాదము జరిగినపుడు బీమా సంస్థకు ఇదొక సాకు కూడ కాగలదు. 350 సి.సి. అన్నది ప్రభుత్వపు లెక్కలలో ఒక గీత. 2022 జూన్ నుండి అమలైన మూడవ పక్షపు బీమా రేట్లలో 150 నుండి 350 వరకు గల బండికి సంవత్సరమునకు 1,366 రూపాయలు; ఆ గీత దాటినచో 2,804. 2025 సెప్టెంబరు 22న మారిన జి.ఎస్.టి. ప్రకారము 350 వరకు నూటికి 18, ఆపైన 40. బోరు చేయించగా 356కు చేరిన పాత బుల్లెట్టు పుస్తకములో 346గానే ఉండుట యజమానుల అదృష్టము.

మరి ఘాటు ఎక్కుట ఎట్లు? బండి, ఇద్దరు మనుష్యులు, మూట కలిపి 320 కిలోలు అనుకొందము. పది మీటర్లు పోయిన ఒక మీటరు లేచు ఏటవాలులో, గంటకు 36 కిలోమీటర్ల వేగముతో ఎక్కుటకు భూమ్యాకర్షణకు ఎదురుగా చేయవలసిన పని క్షణమునకు సుమారు 3,140 జౌళ్ళు, అనగా నాలుగు అశ్వశక్తులకు కొంచెము పైన. గాలి నిరోధము, చక్రముల రాపిడి కలిపినను 18 అశ్వశక్తుల ఇంజనుకు ఇది బరువు కాదు. ఉన్న శక్తి చక్రమునకు తగిన తిప్పుబలముగా చేరకపోవుటయే లోపము. దానికి మందు పళ్ళచక్రములో ఉన్నది. ముందరి పళ్ళచక్రమునకు ఒకటి రెండు పళ్ళు తగ్గించినచో వేగము కొంత తగ్గి, వెనుక చక్రమును త్రిప్పు బలము ఆ నిష్పత్తిలోనే పెరుగును. ప్రక్కన తొట్టి తగిలించు బండ్లకు రెడ్డిచ్‌వారు మొదటినుండి చేసినది ఇదే: ఇంజను అదే, పళ్ళచక్రము చిన్నది. దాని వెల, పనిగంటలు కలిపి చూచినను, కొత్త క్రాంకు వెలలో చిన్న భాగము.

కార్ఖానా మాత్రము పెంచుట మానలేదు. 2013లో కాంటినెంటల్ జి.టి.కై సిలిండరును 84 నుండి 87కు పెంచి 535 సి.సి. చేసినది. ఆ ఒంటి సిలిండరు వరుసలో అదే చివరి మెట్టు. 2018లో వచ్చిన 648 సి.సి. బండిలో ఒక్కొక్కటి 78 మిల్లీమీటర్ల వ్యాసము గల రెండు చిన్న సిలిండరులు ఉన్నవి. పిస్టను దిగు దూరము 67.8 మాత్రమే. ఒక పెద్ద పిస్టనును ఊపుటకంటె రెండు చిన్నవానిని ఊపుట మేలని 1952 నాటి మీటియర్ చెప్పిన సంగతి ఇది. 499 సి.సి. బుల్లెట్టు, పొగ నియమములు కఠినమైన 2020లో, దేశములో అమ్మకము నుండి వైదొలగినది. అదే సంవత్సరము 350 తరగతికి పూర్తిగా కొత్త ఇంజను వచ్చినది. వ్యాసము 72, దూరము 85.8, పరిమాణము 349 సి.సి.